అవ్వ పదం, నా గణవిభజన

ఈసారి గోడపత్రికకు మీ మెయిన్ సబ్జెక్టు గురించే తెలుగులో రాయండి అని మేడం చెప్పినప్పుడు మా బెంచీలో అందరం నవ్వుకున్నాం. బోటనీ వాళ్లకైతే చెట్లున్నాయి, హిస్టరీ వాళ్లకు రాజులున్నారు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఏముంది? "లూప్‌ను తెలుగులో ఏమంటారే?" అని నా పక్కనున్న పిల్ల అడిగింది. లూప్‌ను లూపే అంటాము. ఇంట్లో మిక్సీని మిక్సీ అన్నట్టే.

కానీ నాకు రాయడానికి ఒకటుంది. అది మా అవ్వ పాడే ఒక పదం. దాన్ని నేను దాదాపు చెడగొట్టబోయాను. ఒకసారి నన్ను ప్రోగ్రాం ఆపింది, ఇంకోసారి ప్రోగ్రాంనే అవ్వ ఆపింది.

మాది జవళగిరి. అడవి పక్క ఊరు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బడిలో తమిళం. 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టం తర్వాత మా వయసు పిల్లలకు బడిలో తమిళమే మొదటి భాష అయింది. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఎక్కువగా ఇంట్లోనే, అన్న పాత పుస్తకాలు చూసి. అందుకే కాలేజీలో తెలుగు తీసుకున్నప్పుడు లోపల ఒక భయం ఉండేది. మేము మాట్లాడేది తెలుగే గానీ పుస్తకంలో ఉండే తెలుగు కాదు, ఎక్కడో తప్పు ఉంటుంది, ఎవరో ఒకరు దిద్దుతారు అని. ఆ భయం ఈ కథలో ముందుముందు పని చేస్తుంది. గుర్తు పెట్టుకోండి.

మొదటి సంవత్సరంలో మేడం ఛందస్సు చెప్పినారు. గురువు, లఘువు, గణాలు. యమాతారాజభానసలగం అని ఒక్క మాట బోర్డు మీద రాసి, ఎక్కడైనా వరసగా మూడక్షరాలు తీసుకోండి, ఒక గణం వస్తుంది అన్నారు. యమాతా తీసుకుంటే లఘువు, గురువు, గురువు. అది యగణం. మాతారా మూడూ గురువులే, అది మగణం. అట్లా జరుపుకుంటూ పోతే ఎనిమిది గణాలూ ఆ పది అక్షరాల్లోనే దొరుకుతాయి, ఒక్కటి కూడా రెండుసార్లు రాదు. మిగతావాళ్లు రాసుకుంటుంటే నేను నోరు తెరుచుకుని కూచున్నాను. ఎందుకంటే అదే వారంలో మా కంప్యూటర్ క్లాసులో ఇదే తమాషా ఇంకో పేరుతో చెప్పినారు. డి బ్రయిన్ వరస అంటారు, 1946లో ఆయన దాని గురించి రాసిన డచ్చి గణితవేత్త పేరు మీద. మన వాళ్లు దాన్ని బట్టీ పెట్టడానికి వాడుకున్నారు, వాళ్లు లెక్కకు వాడుకున్నారు.

ఆ రోజు బస్సులో ఊరి పేర్లన్నిటికీ గణాలు కట్టుకుంటూ ఇంటికి పోయినాను. జవళగిరి అయిదూ లఘువులే, పరిగెత్తే పేరు. డెంకణికోట అయితే ముందు భగణం, వెనక గలం. హొసూరు అని మేము పలికినట్టు రాస్తే జగణం. హోసూరు అని కొందరు రాసినట్టు రాస్తే తగణం. ఒక్క దీర్ఘానికి గణమే మారిపోయింది. అప్పుడు అది ఆటగానే ఉండింది.

ఇప్పుడు అసలు విషయం. మీలో చాలామంది ఫోన్లోనో కంప్యూటర్లోనో ఏదో ఒక మాట వెతికి ఉంటారు. మాట తెలిస్తే వెతకడం సులభం. మాట తెలియకుండా దాని ఆకారం మాత్రమే తెలిస్తే? "క తో మొదలై, మధ్యలో ఏవైనా ఉండి, డు తో ముగిసేది" అని వెతకాలంటే? దానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని ఒక పద్ధతి ఉంది, ముద్దుగా రెజెక్స్ అంటాము. 1950లలో స్టీఫెన్ క్లీనీ అనే లెక్కల ఆయన మొదలుపెట్టినది. అందులో ఉండే సంగతులు నాలుగే: ఇది తర్వాత అది; ఇది గానీ అది గానీ; ఉన్నా సరే లేకున్నా సరే; ఎన్నిసార్లయినా సరే. ఈ నాలుగింటితో ఎంత పెద్ద ఆకారమైనా కట్టవచ్చు.

ఆటవెలది నియమం కూడా అట్లాంటిదే కదా. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు. సూర్యగణం అంటే నగణం గానీ గలం గానీ. ఇంద్రగణం అంటే నల, నగ, సల, భ, ర, త ఆరింటిలో ఏదో ఒకటి. ఇది తర్వాత అది, ఇది గానీ అది గానీ. లెక్క కట్టి చూసినాను. ఆటవెలది మొదటి పాదానికి గురులఘువుల వరసలు 288 రకాలుగా రావచ్చు, రెండో పాదానికి 32 రకాలుగా. అన్నిటినీ ఒక్క వరసలో చెప్పేయవచ్చు. తెలుగులో మొదటి ఛందోగ్రంథమని చెప్పే కవిజనాశ్రయం నాటికే మనకు ఈ పని చేతనవును, చేసే యంత్రం లేదంతే.

అయితే రెజెక్స్‌తో ఒక చిక్కుంది. అది చూసేది అక్షరాలను కాదు, కంప్యూటర్ దాచుకున్న ముక్కలను. మనకు స్త్రీ అంటే ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, ఈత్వం గుడి. ఆరు ముక్కలు. కృష్ణగిరి మనకు నాలుగక్షరాలు, దానికి తొమ్మిది. ఆ ముక్కల్లో గురువెక్కడ, లఘువెక్కడ? పైగా అన్న అనే మాట చూడండి. అకారం పొట్టిదే. అయినా తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి గురువు. అంటే ఒక అక్షరం సంగతి తెలియాలంటే పక్కదాన్ని కూడా చూడాలి. నా మొదటి ప్రోగ్రాం అన్నను రెండు లఘువులు అని చెప్పింది. "మీ అన్నకు మర్యాద లేదంట" అని స్నేహితులు ఏడిపించినారు.

అప్పుడు దొరికింది రీఫో. పైథాన్‌లో ఒక లైబ్రరీ. పేరును విడదీస్తే వస్తువుల కోసం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు అని అర్థం. అర్జెంటీనాకు చెందిన రఫాయేల్ కరస్కోసా రాసినారు. మనుషులు మామూలు భాషలో అడిగే ప్రశ్నను డేటాబేస్‌కు అర్థమయ్యే ప్రశ్నగా మార్చే క్వెపీ అనే పనిముట్టులో దాన్ని వాడినారు. అందులో గొప్పతనం ఒక్కటే. వరసలో ఉండేవి అక్షరాలే కానక్కరలేదు. ఏ వస్తువులైనా సరే. మనం చేయవలసిందల్లా ఒక్కో వస్తువును చూసి అవును, కాదు అని జవాబు చెప్పే చిన్న ఫంక్షన్ రాయడం. దాన్ని ప్రెడికేట్ అంటారు. "ఇది గురువా?" అన్నది ఒక ప్రెడికేట్. "ఇది లఘువా?" అన్నది ఇంకొకటి. వాటిని కూడికతోనో, గానీ గుర్తుతోనో కలుపుకుంటూ పోతే గణం అవుతుంది, గణాలు కలిపితే పాదం.

ఇది మా అన్నకు చెప్పబోతే అర్థం కాలేదు. సరే అని ఏనుగులతో చెప్పినాను. రాగి కోతల కాలం వస్తే బన్నేరుఘట్ట వైపు నుంచి మందలు మా అడవికి దిగుతాయని మా పక్క వాళ్లందరికీ తెలుసు. రాత్రి పొలంలో కాపలా ఉండేవాళ్లు ఏం చేస్తారు? కుక్క ఒకసారి మొరిగితే లేవరు. కుక్క మొరిగి, కొంతసేపు ఏమేమో శబ్దాలు అయి, తర్వాత వెదురు విరిగి, ఆ తర్వాత పక్క చేను వాళ్లు డబ్బా కొడితే లేస్తారు. అన్నీ వేరువేరు వస్తువులు. ఒక్కోదానికి ఒక దిక్కుంది, ఒక టైముంది. ఒంటిగా ఏదీ ఏమీ చెప్పదు, వరస చెబుతుంది. మధ్యలో ఏవి వచ్చినా సరే అనేదానికి రీఫోలో ఎనీ, స్టార్ అని రెండు మాటలున్నాయి. "ఓ, అంతేనా" అన్నాడు మా అన్న. అంతే.

గురువుకు ఒక గుర్తు, లఘువుకు ఒక గుర్తు పెట్టి మామూలు రెజెక్స్‌తోనే చేయవచ్చు కదా అని మా క్లాసు పిల్ల ఒకతె అడిగింది. చేయవచ్చు. నేను మొదట చేసింది కూడా అదే. కానీ అట్లా చేస్తే చేతికి మిగిలేది గీతలూ వంకరలూ. ఆ గురువు ఏ మాటలోది, ఆ మాట ఎక్కడ ముగిసింది, పాడినప్పుడు ఎంతసేపు పట్టింది అనేవన్నీ రాలిపోతాయి. వస్తువైతే అవన్నీ తనతోనే మోసుకొస్తుంది. సంస్కృత సమాసం కానిచోట, తర్వాతి మాట మొదట్లో జంటాక్షరం ఉంటే ముందున్నది గురువు కానక్కరలేదు కదా. మాట ఎక్కడ ముగిసిందో తెలియకపోతే ఆ తేడా ఎట్ల తెలుస్తుంది?

ఇంకొకటి. క్లాసులో మేము వేళ్ల మీద గణాలు కడతాము చూడండి, ఏ పద్యమో తెలియనప్పుడు మొదటి గణం అయ్యాక మూడు లఘువులు వస్తే చిక్కే. అది ఆటవెలదిలో రెండో సూర్యగణమా? తేటగీతిలో ఇంద్రగణానికి మొదలా? మనం ఒకటి అనుకుని పోతాము, చివర్లో తన్నుతుంది, మళ్లీ మొదటికి వస్తాము. 1968లో కెన్ థాంప్సన్ దీనికి ఒక ఉపాయం రాసినాడు. ఒకటే అనుకోవద్దు, ఉన్న దారులన్నిట్లో ఒక్కో అడుగు కలిపి వెయ్యి, చెడిపోయిన దారిని అక్కడికక్కడ వదిలెయ్యి అని. రీఫో నడిచేది ఆ దారిలోనే. వెనక్కి తిరిగే పని లేదు.

పద్యాలకైతే దిలీప్ మిరియాల గారు చేసిన ఛందం అని మంచి సాఫ్ట్‌వేర్ ముందే ఉంది. పద్యం ఇస్తే ఏ ఛందస్సో చెబుతుంది, తప్పుంటే చూపిస్తుంది. నేను దాంతో పోటీ పడలేదు. నాకు కావలసింది పద్యం కాదు, పదం. మా అవ్వ పదం.

మా అవ్వకు చదువు రాదు. మా ఇంటి వెనక వసారాలో ఒక ఇసుర్రాయి ఉంది. ఇప్పుడు దాని మీద ఎండుమిరపకాయలు ఆరబోస్తారు, రాగులు మిల్లుకు పోతాయి. నేను చిన్నగా ఉన్నప్పుడు మాత్రం పండగ ముందు అవ్వ దాని ముందు కూచుని విసిరేది. విసురుతూ పాడేది. అత్తవారింట్లో ఉన్న చెల్లెలు, అడవి దాటి అన్న వస్తాడు పండక్కి పిలుచుకుపోను. ఆమె రాయి వదిలి లేవాలా వద్దా అన్నది కథ. అత్త పోనిస్తుందా లేదా అన్నది చివరి చరణంలో గానీ తెలియదు.

ప్రాజెక్టుకు నేను ఆ పదం తీసుకుంటాను అన్నాను. "ఇందులో అప్లికేషన్ ఏముంది?" అని ఒకరు అడిగినారు. నా దగ్గర జవాబు లేదు. అయినా తీసుకున్నాను.

పోయిన సంక్రాంతికి అవ్వను ఇసుర్రాయి ముందు కూచోబెట్టి, ఫోన్ పక్కన పెట్టి పాడించుకున్నాను. ఊరికే కూచుని పాడమంటే రాలేదు ఆమెకు. "చెయ్యి తిరగకుంటే నోరు తిరగదే అమ్మణ్ణీ" అన్నది. మిరపకాయలు తీసి, రెండు దోసిళ్ల రాగులు తెచ్చినాక పాడింది. ఆ రాత్రి విని విని నోటుబుక్కులో రాసుకున్నాను. ఇక్కడే ముందు చెప్పిన భయం పని చేసింది. అవ్వ "అన్న వచ్చినాడు చూడు" అని పాడింది. నేను "అన్న వచ్చాడు చూడు" అని రాసినాను. నాకు తెలియకుండానే. కాలేజీకి చూపించేది కదా, మంచి తెలుగులో ఉండాలి కదా అని చెయ్యే దిద్దేసింది. చీర తెచ్చినాడు అంటే తెచ్చాడు అని. అట్లా చాలా చోట్ల.

పదం నడక మూడు మాత్రలది. గలం, గలం, గలం, గలం. పాదానికి నాలుగు. గలం బదులు అక్కడక్కడ మూడు లఘువులు వస్తాయి, అంతే. ఆ ఆకారం రాసి ప్రోగ్రాంకు ఇచ్చినాను. మొదటి పాదంలోనే నాలుగో అక్షరం దగ్గర ఆగిపోయింది. నా ప్రోగ్రాం తప్పనుకుని రెండు రోజులు వెతికినాను. అన్నను మళ్లీ రెండు లఘువులు చేసిందేమో అని చూసినాను. లేదు, అన్న గలమే. ఆగింది వచ్చాడు దగ్గర. గురువు, గురువు, లఘువు. అయిదు మాత్రలు. మూడు మాత్రల గూట్లో అది ఎట్లా పడుతుంది? ఫోన్ తీసి మళ్లీ విన్నాను. అవ్వ గొంతు స్పష్టంగా "వచ్చినాడు" అంటోంది. గురువు, లఘువు, గురువు, లఘువు. సరిగ్గా రెండు గలాలు.

అప్పుడు నోటుబుక్కు ముందేసుకుని ఒక్కొక్కటీ వెనక్కి దిద్దినాను. దిద్దిన చోటల్లా పాదం నిలబడింది. పరీక్షలో మార్కులు పోతాయని నేను మార్చిన ప్రతి మాటా పదాన్ని కుంటిదాన్ని చేసింది. మా ఊరి మాట అక్కడ ఉన్నది ఏదో పల్లెటూరి తప్పుగా కాదు, ఆ గూటికి సరిపోయే కొలతగా. ఇది నాకు ఏ మేడమూ చెప్పలేదు, ప్రోగ్రాం చెప్పింది. నాకు ఎంత గర్వమైందంటే, ఇంక ప్రోగ్రాం ఏం చెబితే అది నిజమనుకునే స్థితికి వచ్చినాను.

అందుకే రెండో తప్పు చేసినాను.

మూడో పాదం దగ్గర మళ్లీ ఆగింది. ప్రతి చరణంలోనూ మూడో పాదమే. మొదటి చరణంలో "రాగిరాయి కాడ" అని ఉంది. మూడు గలాలే. నాలుగోది లేదు. రెండో చరణంలోనూ అంతే, నాలుగో చరణంలోనూ అంతే. ఈసారి నాకు సందేహమే రాలేదు. అవ్వకు డెబ్బై దాటింది, మాటలు మరిచిపోయి ఉంటుంది అనుకున్నాను. పాతవాళ్ల పాటల్లో పోయిన మాటలు పూరించడం పెద్ద పనే కదా అని కొంచెం పొంగిపోయినాను కూడా. "రాగిరాయి కాడ నేను" అని రాసినాను. నేను అంటే గలం, సరిగ్గా సరిపోయింది. ప్రోగ్రాం ఒప్పుకుంది. అన్ని చరణాలకూ ఇట్లాగే ఒక్కో రెండక్షరాల మాట కుట్టినాను. తెర మీద అన్ని పాదాలూ సరి అని వస్తే ఫోటో తీసి స్నేహితులకు పంపినాను.

ఆ శనివారం ఇంటికి పోయి అవ్వకు చదివి వినిపించినాను. తల ఊపుతా విన్నది. "కాడ నేను" దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను యాడ్నుంచి వచ్చె?"

"మాట తక్కువైంది కదవ్వా. నువ్వు మరిచిపోయినావు. నేను కలిపినాను."

అవ్వ నవ్వింది. పండ్లు లేని నవ్వు. "మరిసేదేమి? ఆ తావున నేనూ లేదు, నువ్వూ లేదు. ఆడ రాగులుండాయి" అన్నది.

నాకు అర్థం కాలేదు. లేచి వసారాకు తీసుకుపోయింది. కూచుని కుడిచేత్తో పిడి పట్టి తిప్పింది. తిప్పుతా పాడింది. "రాగిరాయి కాడ" అన్నది, నోరు మూసింది, ఎడమచేత్తో పిడికెడు రాగులు తీసి రాతి నోట్లో పోసింది. తర్వాత పాదం ఎత్తుకుంది. రాగులు పోసేంత సేపు, సరిగ్గా ఒక గలం పట్టేంత సేపు, పాట లేదు. రాయి చప్పుడు మాత్రం ఉంది. మూడో పాదానికి ఒకసారి పోస్తే ఆ చరణానికి సరిపోతుంది. పాట ఆమె చేతికి ఎప్పుడు పోయాలో చెబుతోంది, లేకపోతే చెయ్యి ఆమె నోటికి ఎప్పుడు ఆగాలో చెబుతోందో. నేను ఆ తావులో నేను అని రాసినాను.

నాకు ఎంత సిగ్గయిందో రాయలేను. ఆ ఫోటో చూసిన స్నేహితులందరూ బాగుంది బాగుంది అని పెట్టినారు, ఎవరికీ తెలీదు. ఒకవేళ అవ్వ ఆ రోజు విని ఊరికే తల ఊపి ఉంటే, ఆ మాటలు అట్లనే ఉండిపోయేవి. పది సంవత్సరాల తర్వాత ఎవరైనా నా నోటుబుక్కు చూస్తే అదే అసలు పదమనుకునేవాళ్లు.

తప్పు రీఫోది కాదు. అది నేను ఇచ్చిన వస్తువులనే చూస్తుంది. నేను అక్షరాలు మాత్రమే ఇచ్చినాను. అక్షరం లేని చోటు దానికి లేదు. కాబట్టి ఆ చోటు తప్పుగానే కనపడుతుంది. నేను ఇప్పుడు చేయవలసిన పని కొత్త రకం వస్తువు ఒకటి చేయడం. దానికి అక్షరం ఉండదు, మాట ఉండదు, ఎంతసేపు అనేది మాత్రం ఉంటుంది. ఫోన్ రికార్డింగులో ఏ క్షణంలో మొదలై ఏ క్షణంలో ముగిసిందో చూసి ఆ కాలం రాసినాను. దానికి "పిడికిలి" అని పేరు పెట్టినాను. ఇంకో ప్రెడికేట్ రాసినాను: ఇది పిడికిలేనా, మూడు మాత్రల సేపు ఉందా? మూడో పాదం ఆకారం మార్చినాను. గలం, గలం, గలం, పిడికిలి. ఆ సాయంత్రం అన్ని చరణాలూ నా మాటలేవీ లేకుండా నిలబడినాయి. ఈసారి ఫోటో తీయలేదు.

అన్ని చరణాలూ అన్నాను గానీ, ఒకటి తక్కువ. అయిదో చరణం. అన్న తెచ్చిన చీర చూసి అత్త ఏదో అంటుంది. ఆ మాట మీదే చెల్లెలు పోతుందా లేదా అనేది ఉంది. మొదటి పాదం అవ్వకు వచ్చు. మూడు, నాలుగు వచ్చు. రెండోది రావడం లేదు. ఇది మాత్రం నిజంగానే మరిచిపోయింది, తనే చెప్పింది. పోయిన వానాకాలం జ్వరం వచ్చి తేరుకున్నాక చాలా మాటలు ఆమెకు అందడం లేదు. నా పేరుకు బదులు మా అత్త పేరు పెట్టి పిలుస్తోంది. అయితే రాయి తిప్పుతూ ఆ పాదం దగ్గరికి వచ్చినప్పుడు ఆగదు. మాటల్లేకుండా ఊరికే కూనిరాగం తీస్తుంది. తాన తాన తనన తాన. నాలుగుసార్లు పాడించినాను, నాలుగుసార్లూ అదే. మాట పోయింది, కొలత పోలేదు.

ఆ కూనిరాగాన్ని కూడా వస్తువులుగా ఇచ్చినాను. అక్షరాలు లేవు, నిడివి ఉంది. గలం, గలం, నగణం, గలం అని ప్రోగ్రాం చెప్పింది. మిగతా చరణాల్లో రెండో పాదాలన్నీ సరిగ్గా అట్లనే ఉన్నాయి, మూడో గూట్లో ఎప్పుడూ మూడు లఘువులే. కాబట్టి ఆకారం ఖాయం. ఆ గూట్లో సరిపోయే మాటలు నేను వందైనా రాయగలను. ఒక్కటీ రాయలేదు. నోటుబుక్కులో ఆ పాదం దగ్గర నాలుగు గళ్లు గీసి ఖాళీగా పెట్టినాను. పెన్సిలుతో.

అందుకే ఇది రాసింది. మా హాస్టల్లో తళి వైపు పిల్లలున్నారు, డెంకణికోట, అంచెట్టి, బాగలూరు వైపు నుంచి వచ్చేవాళ్లున్నారు. మీ ఇండ్లల్లో కూడా అవ్వలుంటారు, ఇసుర్రాయి వెనక వసారాలోనో, చింతచెట్టు కిందనో పడి ఉంటుంది. ఈ పదం మా ఊరికే సొంతం కాదనుకుంటాను, పెండ్లి చేసుకుని వచ్చినవాళ్లతో ఊళ్లు తిరిగి ఉంటుంది. సెలవుకు ఇంటికి పోయినప్పుడు ఒకసారి అడగండి. ఊరికే అడిగితే రాదు, రాయి ముందు కూచోబెట్టి, చేతికి పిడికెడు రాగులిచ్చి అడగండి. అన్న చీర తెస్తాడు, అత్త చూస్తుంది, ఏమంటుంది? నాలుగు గూళ్లు, మూడోదాంట్లో మూడు పొట్టి అక్షరాలు. దొరికితే వాళ్లు ఎట్లా పలికితే అట్లాగే రాసుకుని, దేన్నీ దిద్దకుండా, మూడో సంవత్సరం కంప్యూటర్ సైన్స్ గదిలో నాకు ఇవ్వండి. అవ్వ ఈ మధ్య మధ్యాహ్నాలు ఎక్కువసేపు నిద్రపోతోంది. సాయంత్రాలైతే మెలకువగా ఉంటుంది, ఫోన్ చేసి వినిపించవచ్చు.